నటించరాదని ఉత్తర్వు అందుకున్న ఉత్తమ నటుడు

గుడిమెట్ల పరంజ్యోతికి ఉత్తమ నటుడి అవార్డు రాబోతోందన్న సంగతి జనవరి నెలలో ఒక ఉదయం, ఆయన యూసుఫ్‌గూడలోని తన ఫ్లాట్ బాల్కనీలో పళ్లు తోముకుంటుండగా తెలిసింది. ఆ ఏడాది సినిమాలు అప్పటికి ఒక్కటీ విడుదల కాలేదు. అయినా కబురు తెచ్చినవాళ్లు ఆకతాయిలు కారు, ప్రభుత్వోద్యోగులు. పూలదండ, శాలువా తెచ్చారు. అవి అందినట్టు సంతకం పెట్టించుకోవడానికి పెన్ను కూడా వాళ్లే తెచ్చారు. పరంజ్యోతి నోట్లో నురుగుతోనే దండ వేయించుకున్నాడు.

ఆయనకు అప్పటికి యాభై దాటాయి. ఏలూరులో నాటకాలాడి, సినిమాల్లోకొచ్చి, తండ్రి వేషాల్లో స్థిరపడ్డాడు. హీరో తండ్రి, హీరోయిన్ తండ్రి, లంచం ముట్టని సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఏ వేషమైనా ఇంటర్వెల్ లోపలే చనిపోతాడు. చనిపోవడంలో ఆయనకు పరిశ్రమలో మంచి పేరుంది గానీ, ఆ పేరేమిటో ఎవరికీ గుర్తుండదు. "ఆ మీసాలాయన్ని పిలవండి" అంటారు.

అలాంటివాడికి ఇంత గౌరవం ఎలా పట్టిందో చెప్పాలంటే ముందంచనాల మండలి గురించి చెప్పాలి.

ప్రభుత్వం ఏటా ఇచ్చే స్వర్ణచామరం సినిమా అవార్డులు ప్రకటించే ముందు ఎవరికొస్తుందో చెప్పడం జనానికి పెద్ద సరదా. టీవీల్లో విశ్లేషకులు చెప్పేవారు, జ్యోతిష్కులు చెప్పేవారు, కటింగ్ షాపులో గడ్డం గీసే ఆయన కత్తి ఆపి మరీ చెప్పేవాడు. కిందటేడు అందరూ కలిసి, వస్తే భూకంపం స్టార్‌కి, లేదంటే సునామీ స్టార్‌కి అని తేల్చేశారు. తీరా అది ఒక చిన్న సినిమాలో గొర్రెల కాపరిగా వేసిన ఎవరో కొత్తవాడికి వెళ్లింది. ఏనాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు స్టార్ల అభిమానులూ ఆ రోజు మొదటిసారి ఏకమై ఒకే బస్సును తగలబెట్టారు.

సాంస్కృతిక శాఖ మంత్రిగారు ఉన్నతస్థాయి సమీక్ష జరిపారు. అవార్డులో లోపం లేదనీ, జ్యూరీలో అసలే లేదనీ, జనం మండిపడింది అంచనా తప్పినందుకేననీ సమీక్షలో తేలింది. అంచనాలను బాధ్యత లేని ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో వదిలేయడమే అనర్థాలకు మూలమన్నారు మంత్రిగారు. ఇకపై రాష్ట్రంలో అవార్డులను ఊహించే అధికారం ప్రభుత్వానికి మాత్రమే ఉంటుందని ప్రకటించారు. ఆ విధంగా ముందంచనాల మండలి పుట్టింది. కటింగ్ షాపు ఆయనకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు.

మండలికి సంచాలకులుగా కంభంపాటి నిరంజనమూర్తిగారు వచ్చారు. అంతకుముందు ఆయన తుఫాను హెచ్చరికల విభాగంలో ఉండేవారు. ఒంగోలు వైపు వస్తుందన్న తుఫాను ఒడిశా పోవడం, రాదన్నది వచ్చి కూర్చోవడం చూసి చూసి ఆయన మనసు విరిగిపోయింది. అవార్డులు గాలివానల్లా కాదు, ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడైనా అంచనా నిలబడుతుందని ఆయన ఆశ.

మండలి ఒక సలహా కంపెనీని పెట్టుకుంది. ఆ కంపెనీ ఒక కంప్యూటర్ నమూనా తయారుచేసింది. భూకంపం పేరు చెబితే సునామీ మనుషులు ఊరుకోరు, సునామీ పేరు చెబితే భూకంపం మనుషులు ఊరుకోరు. అందుకని ఎవరికీ అభ్యంతరం లేని నటుణ్ణి వెతకమని కంప్యూటర్‌ను అడిగారు. అది ఒకే పేరు ఇచ్చింది. ఇద్దరు స్టార్ల ఒళ్లోనూ తలపెట్టి ప్రాణం విడిచినవాడు, ఎవరూ ఎప్పుడూ ఏ మాటా అనని వాడు, పరంజ్యోతి.

మొదటి నెల సంబరంగా గడిచింది. అపార్ట్‌మెంటు సంఘంవాళ్లు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఆయన భార్య కుసుమ వచ్చేపోయేవాళ్లకు పులిహోర కలపలేక చేతులెత్తేసి, బిస్కెట్లతో సరిపెట్టింది. "ఆ మీసాలాయన" అనే మేనేజర్లు "పరంజ్యోతిగారు" అనడం మొదలుపెట్టారు. అన్నిటికంటే ఆయనకు ఆనందం కలిగించిన విషయం ఇంకొకటి జరిగింది. తాడి వినీల అనే అమ్మాయి కథ చెప్పడానికి వచ్చింది.

వినీలకు దర్శకురాలిగా అది మొదటి సినిమా. పెద్దాసుపత్రి మార్చురీలో శవాలను కనిపెట్టుకుని ఉండే సింహాచలం అనే ఉద్యోగి కథ. తీసుకుపోయే దిక్కులేని శవాలకు అతను మొహం తుడిచి, తల దువ్వి, బతికున్నవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. సినిమా మొత్తం అతనే. చివరిదాకా చనిపోడు. కథ అయిపోయాక పరంజ్యోతి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. ఇన్నేళ్లూ తను శవంగా పడుకుంటే పక్కన ఏడ్చేవాళ్లను చూశాడు గానీ, శవం పక్కన కూర్చునే వేషం తనకెవరూ ఇవ్వలేదు. ఈ వేషం వేశాక ఇంకేం వేయకపోయినా ఫర్వాలేదని ఆ రోజు కుసుమతో అన్నాడు.

వారం తిరక్కుండా మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. అవార్డుల ప్రదానం పూర్తయ్యేవరకు శ్రీ పరంజ్యోతి ఏ చిత్రంలోనూ నటించరాదని దాని సారాంశం.

ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆయన మండలి ఆఫీసుకు వెళ్లాడు. నిరంజనమూర్తిగారు ఎదురొచ్చి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. గోడ మీద పెద్ద తెర, తెర మీద పరంజ్యోతి ఫొటో, దాని కింద అరవై ఒకటి అన్న అంకె. అవార్డు వచ్చే సంభావ్యత ప్రస్తుతానికి అంతే ఉందనీ, దాన్ని నూటికి తీసుకెళ్లడమే తమ కర్తవ్యమనీ ఆయన వివరించారు. అంచనాకు పొంచివున్న ముప్పులన్నిటినీ నిపుణులు అధ్యయనం చేశారట. వాటిలో అతి పెద్దది పరంజ్యోతి నటనేనని తేలిందట.

"మీరు నటించారనుకోండి, బాగా రాకపోవచ్చు. అప్పుడు అంచనా దెబ్బతింటుంది," అన్నారు సంచాలకులు.

"బాగా వస్తే?"

"అది మరీ ప్రమాదం. బాగా చేశాడు కాబట్టే వచ్చిందంటారు. ఇక మండలి ఊహించింది ఏమున్నట్టు?"

అయితే తన పేరు తీసేయమని అడిగాడు పరంజ్యోతి. అవార్డు వద్దు, ఆ మార్చురీ వేషం వేసుకోనిస్తే చాలన్నాడు. నిరంజనమూర్తిగారి మొహం వాడిపోయింది. అంచనా గెజిట్‌లో అచ్చయిందనీ, అచ్చయిన దాన్ని నిజం చేయడం తప్ప వెనక్కి తీసుకునే అవకాశం చట్టంలో లేదనీ చెప్పారు. గుమ్మం దాకా సాగనంపుతూ తుఫానుల కబుర్లు కూడా కొన్ని చెప్పి, "నా సర్వీసులో ఒక్కటైనా నిజమవ్వాలని ఉంది పరంజ్యోతిగారూ. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది," అన్నారు. పరంజ్యోతి మెత్తని మనిషి. ఆయన్నే ఓదార్చి ఇంటికి వచ్చేశాడు.

ఆ తర్వాత మండలి పని వేగం పుంజుకుంది. పరంజ్యోతి నటించకపోయినంత మాత్రాన సరిపోదు, ఇంకెవరూ బాగా నటించకుండా కూడా చూడాలి కదా. సునటన నిరోధక బృందాలు ఏర్పడ్డాయి. అవి ఏ షూటింగుకైనా చెప్పకుండా వెళ్లి, ఎవరైనా మోతాదుకు మించి బాగా చేస్తున్నారేమో చూసేవి. మేడ్చల్ దగ్గర ఒక హాస్యనటుడు తండ్రి పోయిన సీన్లో లైట్‌బాయ్‌ల చేత కంటతడి పెట్టించి దొరికిపోయాడు. ఆ సీను మళ్లీ తీయించారు. రెండోసారి అతను ఏడుస్తుంటే అందరూ నవ్వారు, అధికారులు సంతృప్తి చెందారు. భూకంపం స్టార్, సునామీ స్టార్ షూటింగులకు వెళ్లిన బృందాలు మాత్రం ఒక్కరోజు చూసి, ఇక్కడ నిఘా అవసరం లేదని తిరిగొచ్చాయి.

జ్యూరీని కూడా పటిష్ఠం చేశారు. సినిమాలు చూడటం వల్ల సభ్యుల్లో అభిప్రాయాలు ఏర్పడుతున్నట్టు గమనించి, చూడటం ఆపించారు. అభిప్రాయాలు వచ్చినప్పుడల్లా అంచనాకు విఘాతమే కదా. జ్యూరీ హాల్లోంచి ప్రొజెక్టరు తీసేసి ఆ స్థలంలో ఇంకో సోఫా వేశారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మిర్చిబజ్జీ యథాతథంగా ఉంటాయని తెలిశాక సభ్యులు సంస్కరణను స్వాగతించారు.

ఇక్కడ యూసుఫ్‌గూడలో కుసుమ పరిస్థితి మాత్రం బాగా లేదు. ఇన్నేళ్లలో పరంజ్యోతి ఒక్క నెల కూడా పనిలేకుండా ఇంట్లో కూర్చోలేదు. నటించకుండా ఉండటం ఆయనకు చేతకాలేదు. పాలవాడు ఆలస్యంగా వస్తే సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌లా నిలదీసేవాడు. పక్కింటి అమ్మాయి కాలేజీకి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి ఆడపిల్ల తండ్రిలా కళ్లొత్తుకునేవాడు. ఒకరోజు కుసుమ వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే, గుండె పట్టుకుని కుర్చీలో వాలి, "ఎక్కువేం కాలేదమ్మా" అని, కొంచెం ఆగి, మెల్లగా కళ్లు మూశాడు.

కుసుమ కంచం తీసి పక్కన పెట్టింది. ఆమెకు ముందు కోపమొచ్చింది, తర్వాత భయమేసింది.

"మీరు ఆ వేషం వేయకపోతే నిజంగానే పోతారు," అంది. "వాళ్లు నటించొద్దన్నారు. సరే. నటించకుండా వెయ్యండి."

ఆ మాట ఆమె విసుగుతో అందో, ఆలోచించి అందో తెలియదు. పరంజ్యోతి మాత్రం ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. నటించరాదనే ఉంది. సినిమాలో ఉండరాదని లేదు. మర్నాడే వినీలను వెంటబెట్టుకుని మండలికి వెళ్లి, తాను నటించననీ, కెమెరా ముందు ఊరికే ఉంటాననీ మనవి చేసుకున్నాడు.

ఇలాంటి అభ్యర్థన మండలికి ఎప్పుడూ రాలేదు. ముగ్గురు న్యాయ సలహాదారులు కూర్చుని, ఒక వ్యక్తి సినిమాలో ఉండటం వేరు, నటించడం వేరు అని అభిప్రాయపడ్డారు. ఎందరో హీరోలను ఉదాహరణగా చూపించారు. దాంతో నిరంజనమూర్తిగారు షరతులతో ఒప్పుకున్నారు. టైటిల్స్‌లో పరంజ్యోతి పేరు వేయకూడదు. షూటింగు జరిగినన్ని రోజులూ మండలి అధికారి ఒకరు దగ్గరుండి, నటన జరుగుతోందో లేదో గమనించాలి. నటన కనబడిన క్షణంలో సినిమా ఆగిపోతుంది.

ఆ పనికి బొడ్డేపల్లి ఆదిశేషును వేశారు. ఆయన పట్టుపరిశ్రమ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు, శ్రీకాకుళం జిల్లా మనిషి. సినిమాలు పెద్దగా చూడడు. అందుకే నిష్పాక్షికంగా ఉంటాడని ఎంపిక చేశారు.

మూతబడిన ఒక నర్సింగ్‌హోమ్‌లో మార్చురీ సెట్ వేసింది వినీల. పరంజ్యోతి మీసాలు తీయించి, గుండు చేయించింది. అద్దంలో చూసుకుని ఆయన తనను తానే గుర్తుపట్టలేదు. మొదటిరోజు ఆయన భయం ఒకటే. ఎక్కడో ఒకచోట అలవాటు కొద్దీ కనుబొమ్మ ఎగరేస్తే అంతా పోతుంది. ఎదురుగా కుర్చీలో ఆదిశేషు కళ్లార్పకుండా కూర్చున్నాడు. పరంజ్యోతి ఇన్నేళ్లలో నేర్చుకున్నదంతా ఒక్కొక్కటిగా ఒంట్లోంచి తీసి పక్కన పెట్టాడు. గుండె పట్టుకోవడం, గొంతు వణికించడం, ఆకాశంలోకి చూడటం, అన్నీ. అవన్నీ పోయాక ఏం మిగులుతుందో ఆయనకూ తెలియదు.

ఆ రోజు తీసింది ఒక ముసలామె శవం సీను. ఎవరూ రాలేదు ఆమె కోసం. సింహాచలం ఆమె తల దువ్వుతున్నాడు. చిక్కులు తీస్తూ, నొప్పెడుతుందేమోనని కుదుళ్ల దగ్గర వేళ్లతో పట్టుకున్నాడు. జడ అల్లడం అయ్యాక, "బిగుతుగా ఉందేటమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగాడు. అంతే సీను. వినీల కట్ చెప్పడం మరిచిపోయింది.

ఆదిశేషు లేచి బయటికి వెళ్లిపోయాడు. సినిమా ఆగిపోయినట్టేనని యూనిట్ అంతా బిగుసుకుపోయింది. వినీల వెళ్లి చూస్తే, ఆయన జనరేటర్ వ్యాన్ పక్కన నిలబడి నరసన్నపేటలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడుగుతున్నాడు. తిన్నానని ఆమె చెప్పినా, ఏం కూర అని అడుగుతున్నాడు.

షూటింగు ముగిశాక మండలి సమావేశంలో ఆయన్ను నిలబెట్టి అడిగారు.

"నటన ఎక్కడా కనబడలేదు సార్," అన్నాడు ఆదిశేషు. "ఒక మనిషి తన పని తాను చేసుకుంటన్నాడు. మిగతావాళ్లు చచ్చిపోయి ఉన్నారు."

మండలి ఆ మాటను ఏకగ్రీవంగా ఆమోదించింది.

సినిమా విడుదలైంది. మొదటిరోజు హాళ్లలో ఈగలు తోలుకున్నారు. రెండో వారానికి టికెట్లు దొరకలేదు. జనం వెళ్లి, ఏడ్చి, ఇంటికొచ్చి వాళ్లమ్మలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఆ గుండాయన ఎవరని ఆరా తీశారు. ఒకరిద్దరు విలేకరులు ఆనవాలు పట్టి, ఈయన పరంజ్యోతేననీ, ఉత్తమ నటుడి అవార్డు ఈయనకు కాక ఇంకెవరికనీ రాశారు.

మామూలు ప్రభుత్వమైతే ఇక్కడ ఊపిరి పీల్చుకునేది. అంచనా వేసిన మనిషికే జనం కూడా అవార్డు ఇమ్మంటున్నారు. కానీ మండలిలో గుబులు పుట్టింది. ఈ సినిమాలో నటన లేదని తామే తీర్మానించారు. నటన లేని సినిమాకు నటన అవార్డు ఇస్తే ఆ తీర్మానం అబద్ధమవుతుంది. తీర్మానం అబద్ధమైతే, ఉత్తర్వు ఉల్లంఘించి నటించినందుకు ఆయన్ను అనర్హుణ్ణి చేయాలి. అనర్హుణ్ణి చేస్తే అంచనా తప్పుతుంది. ఇవ్వక తప్పదు, దీనికి ఇవ్వడానికి లేదు. నిరంజనమూర్తిగారికి బీపీ పెరిగి రెండు రోజులు సెలవు పెట్టారు.

దారి చూపింది సలహా కంపెనీ. భూకంపం స్టార్ కొత్త సినిమాలో హీరో తండ్రి వేషం మొదట పరంజ్యోతిదేనట. నిషేధం రావడంతో, ఆ దర్శకుడు తండ్రిని కథ మొదలవకముందే చంపేసి, గోడకు ఆయన ఫొటో తగిలించి, దండ వేశాడట. ఫొటో సినిమాలో చాలాసార్లు కనబడుతుంది. ఒక ఫైట్లో కింద పడి అద్దం కూడా పగులుతుంది. అవార్డు ఆ ఫొటో వేషానికి ఇస్తే సరి; దీని మీద ఏ తీర్మానమూ లేదు, ఏ ఉత్తర్వూ ఉల్లంఘించినట్టు కాదు. భూకంపం స్టార్ అభిమానులు తమ సినిమాకే వచ్చిందని సంతోషిస్తారు. సునామీ స్టార్ అభిమానులు భూకంపానికి రాలేదని సంతోషిస్తారు.

ఇక మిగిలింది మార్చురీ సినిమా గొడవ. దానికి పత్రికా ప్రకటన ఇచ్చారు. సదరు చిత్రంలో కనిపించే వ్యక్తి నటుడు పరంజ్యోతి కారనీ, ఒక ప్రభుత్వాసుపత్రిలో వాస్తవంగా పనిచేస్తున్న ఉద్యోగి అనీ, సర్వీసు నిబంధనల దృష్ట్యా పేరు వెల్లడించలేమనీ అందులో చెప్పారు.

అవార్డు సభ ఘనంగా జరిగింది. పరంజ్యోతికి విగ్గూ మీసాలూ పెట్టించి వేదిక మీదకు తెచ్చారు. వ్యాఖ్యాత ప్రశంసాపత్రం చదివింది. పాత్ర ఆద్యంతం కనురెప్ప కూడా కదపకుండా, గోడ హద్దు దాటకుండా, అద్దం పగిలిన విపత్కర పరిస్థితిలో సైతం చిరునవ్వు చెదరనీయకుండా ఆయన కనబరచిన సంయమనం తెలుగు తెరకే తలమానికమని అందులో రాసి ఉంది. మంత్రిగారు చామరం చేతికిచ్చారు. నిరంజనమూర్తిగారు ముందు వరసలో చేతిరుమాలుతో మొహం మొత్తం కప్పుకుని ఏడ్చారు. ఆయన ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఒక అంచనా నిజమైంది.

రెండు మాటలు మాట్లాడమన్నారు. పరంజ్యోతి మైకు దగ్గరికొచ్చి, ఆ ఫొటో తీసిన స్టూడియో ఆయనకు ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. మంచి వినయం అని అందరూ చప్పట్లు కొట్టారు. వినీల మాత్రం కొట్టలేదు. సభ అయ్యాక ఆయన దగ్గరికొచ్చి, కోర్టుకు వెళ్దాం సార్, మీరే చేశారని రుజువు చేద్దాం అంది. పరంజ్యోతి చూద్దాంలే అమ్మా అన్నాడు.

మరుసటి వారం బంధువుల ఇంట్లో నిశ్చితార్థం ఉంటే కుసుమతో ఏలూరు వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె నడుం వాల్చింది. ఆయన విగ్గు సంచిలో పడేసి, ఒక్కడే మ్యాట్నీకి వెళ్లాడు. మార్చురీ సినిమాను పూర్తిగా హాల్లో కూర్చుని చూడటం ఆయనకు అదే మొదలు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, మీసం మళ్లీ పెంచలేదు. టికెట్ చించినవాడు ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

పక్క సీట్లో నడివయసు దాటిన ఒకావిడ కూర్చుంది. తెర మీద సింహాచలం దువ్వెన తీసుకునేసరికి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. జడ అల్లేసరికి వెక్కిళ్లు ఆగలేదు. చూసి చూసి పరంజ్యోతి ఆవిడ వైపు వంగాడు.

"ఊరుకోండమ్మా. సినిమాయే కదా."

"సినిమా కాదండి," అందావిడ, కళ్లు తెర మీంచి తిప్పకుండా. "ఆయన నటుడు కాదంట. నిజంగా ఆస్పత్రిలో చేసే ఆయనేనంట, పేపర్లో వేశారు. నటులు ఇలా చెయ్యగలరేంటండీ?"

పరంజ్యోతి వెనక్కి వాలి కూర్చున్నాడు. తెర మీద సింహాచలం ముసలామె జవాబు కోసం ఇంకా ఎదురు చూస్తున్నాడు.

"చెయ్యలేరమ్మా," అన్నాడు. "వాళ్లవల్ల ఎక్కడవుతుంది."